డెబియన్ ప్యాకేజీకి ఏది మేలు: సొంత పేరా, బృందమా, మెర్జ్ రిక్వెస్టా?

డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధం చేసిన ప్రోగ్రాం మూటలు) చేయడం నేర్చుకుంటున్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: తమ పనిని అప్‌లోడ్ చేసిపెట్టే స్పాన్సర్ ఎక్కడ దొరుకుతారని. దానికి జవాబు దొరికిన వారం పది రోజులకు రెండో ప్రశ్న వస్తుంది. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో మెయింటైనర్, అంటే బాధ్యుడు, అన్న చోట తమ పేరు రాసుకోవాలా, ఏదైనా బృందం పేరు రాయాలా, ఆ తర్వాత ఎవరైనా మార్పు పంపితే ఈమెయిల్‌లో ప్యాచ్‌గా (మార్పుల ఫైలుగా) తీసుకోవాలా, డెబియన్ కోడు ఉండే సాల్సా సైటులో మెర్జ్ రిక్వెస్టు (మార్పును కలుపుకోమనే వినతి) పెట్టమనాలా? ఈ ప్రశ్నకు ఏడాదిగా ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తరాలు రాస్తూ వచ్చాను. ఈ మధ్య నా చేతిలో ఉన్న నాలుగు ప్యాకేజీల విషయంలో నేనే ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది గనుక, ఇప్పుడు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్యాకేజీ అంటే ఏమిటో, సాల్సా అంటే ఏమిటో ఇక్కడ ఇంతకన్నా వివరంగా చెప్పబోవడం లేదు. అవి తెలిసినవారి కోసమే ఇది. పని ఎంత ఉందో మాత్రం ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 69,830 ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో చాలా వరకు ఒకే సోర్సు నుంచి రెండు మూడుగా పుట్టేవే అయినా, మోయవలసిన బరువు తక్కువేమీ కాదు. ఓటు హక్కున్న డెవలపర్లు వెయ్యిమంది దరిదాపుల్లో ఉంటారు. వీరిలో ఎక్కువమంది ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, ఇంట్లో పనులు ముగించుకుని, రాత్రి పదింటి తర్వాత కంప్యూటరు ముందు కూర్చునేవారే. కాబట్టి ఏ పద్ధతి మేలు అని తూచేటప్పుడు, అలసిపోయిన మనిషికి రాత్రిపూట దొరికే ఆ గంటన్నరలో ఎంత పని తెములుతుందో ముందు చూడాలని నా అభిప్రాయం.

ముందుగా సొంత పేరు సంగతి చూద్దాం. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో మనిషి బాధ్యుడు అన్న ఆలోచన డెబియన్‌లో తొలి రోజుల నుంచీ ఉన్నదే. ఇప్పుడు దాన్ని చాలామంది పాతకాలపు చాదస్తంగా తీసిపారేస్తున్నారు గాని, అందులో సుగుణం లేకపోలేదు. బగ్ రిపోర్టు నేరుగా ఒక మనిషి మెయిల్‌బాక్సులో పడుతుంది. ఆ మనిషి సాధారణంగా ఆ ప్రోగ్రాంను రోజూ వాడేవాడై ఉంటాడు. అప్‌స్ట్రీమ్ రచయితతో, అంటే ఆ ప్రోగ్రాంను అసలు రాసినవారితో, ముఖపరిచయం కాకపోయినా మెయిల్ పరిచయం ఉంటుంది. ఏ వెర్షన్‌లో ఏది ఎందుకు మారిందో అతనికి జ్ఞాపకం ఉంటుంది. ‘ఉమ్మడి సేద్యం, ఉమ్మడి బేరం ఇద్దరికీ చేటు’ అన్న సామెత పుట్టిన నేల మనది. సొంతంగా చూసుకునే చేను ఎలా ఉంటుందో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ ఒక్క మనిషి కనబడకుండా పోతే ఇక దారి లేదు అనే మాట కూడా సగమే నిజం. మెయింటైనర్ కానివారు చేసే అప్‌లోడ్‌కు, అందరూ ఎన్ఎంయూ అని పిలిచేదానికి, డెబియన్‌లో చక్కని నియమాలు ఉన్నాయి. 2.4-3 అన్న వెర్షన్ మీద అలా అప్‌లోడ్ చేస్తే అది 2.4-3.1 అవుతుంది, చూడగానే బయటివారి చేయి పడిందని తెలుస్తుంది. విడుదలను ఆపేసేంత తీవ్రమైన బగ్ ఏడు రోజులుగా ఉండి, మెయింటైనర్ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ఆలస్యం లేకుండానే అప్‌లోడ్ చేయవచ్చు. మామూలు దిద్దుబాటు అయితే పది రోజుల ఆలస్యపు క్యూలో పెట్టాలి, ఆ లోపల మెయింటైనర్ వద్దనవచ్చు. మొత్తంగా ప్యాకేజీనే వదిలేసినట్టుంటే 2018 నుంచి ‘సాల్వేజ్’ అనే ప్రక్రియ ఉంది: ఉద్దేశాన్ని బగ్‌గా ప్రకటించి కనీసం 21 రోజులు ఆగాలి, తర్వాత చేసే అప్‌లోడ్‌ను మరో ఏడు రోజులు క్యూలో ఉంచాలి. ఎవరి నొసలు ముడిపడకుండా ఒకరి పనిని మరొకరు అందుకోవడానికి ఇంత ఓపికగా రాసిన నియమాలు స్వచ్ఛంద ప్రాజెక్టుల్లో అరుదు.

లెక్క చూడండి గాని, వదిలేసిన ప్యాకేజీ చేతికి రావడానికి ఆ లెక్కన కనీసం 28 రోజులు. వచ్చినవాడికి ఆ ఉత్సాహం అన్నాళ్లు నిలుస్తుందా అన్నది నా మొదటి సందేహం. అంతకన్నా పెద్ద సందేహం వేరే ఉంది. దాన్ని ఒక అనుభవంతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

2023లో జీసీసీ అనే కంపైలర్ 13వ వెర్షన్ వచ్చినప్పుడు సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు వరసగా బిల్డ్ కాకుండా ఆగిపోయిన సంగతి ఈ పనిలో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు వేరే హెడర్ల (కోడు మొదట్లో కలుపుకునే ఫైళ్ల) చాటున తనంతట తానే వచ్చిపడే సీఎస్‌టీడీఇంట్ హెడర్, ఆ వెర్షన్ నుంచి మనం పేరు పెట్టి పిలిస్తే తప్ప రాకుండా పోయింది. దిద్దుబాటు ఒక్క వరుస. నేను వాడే ఒక చిన్న లైబ్రరీ ఇలాగే ఆగిపోతే, బాగుచేసి పంపుదామని ఒక రాత్రి కూర్చున్నాను. అది ఒకరి సొంత పేరు మీద ఉన్న ప్యాకేజీ. కంట్రోల్ ఫైలులో ఇచ్చిన గిట్ (కోడు మార్పుల చరిత్రను దాచే సాధనం) చిరునామా పట్టుకుని క్లోన్ చేశాను, అంటే నకలు దించుకున్నాను. మాస్టర్, డెబియన్, సిడ్-న్యూ అని మూడు బ్రాంచీలు (కోడు శాఖలు) కనబడ్డాయి, ఏది అసలైనదో చెప్పే ముక్క ఎక్కడా లేదు. చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తేదీలు చూసి ఒకటి ఎంచుకున్నాను. ప్యాచ్‌ల డైరెక్టరీ అందులో లేదు, అంటే ఈయన అప్‌స్ట్రీమ్ కోడునే నేరుగా మార్చుకుంటున్నారు కాబోలు అనుకుని నేనూ అలాగే మార్చి, కమిట్ రాసి (మార్పును గిట్‌లో నమోదు చేసి), బిల్డ్ చేసి తృప్తిగా పడుకున్నాను.

మర్నాడు రాత్రి పంపబోతూ ఒకసారి ఆర్కైవ్ (అప్‌లోడ్ అయిన ప్యాకేజీలన్నీ ఉండే భండారం) వైపు చూస్తే గుండె జారింది. గిట్‌లో ఉన్నది 1.8-2. ఆర్కైవ్‌లో ఉన్నది 1.8-5. మధ్యలో మూడు అప్‌లోడ్లు జరిగాయి, ఒక్కటీ గిట్‌కు చేరలేదు. పైగా ఆర్కైవ్‌లోని సోర్సులో ప్యాచ్‌లన్నీ క్విల్ట్ పద్ధతిలో విడి ఫైళ్లుగా ఉన్నాయి. నా కమిట్ ఎందుకూ పనికిరాలేదు. ఆప్ట్‌తో సోర్సు దించుకుని, అదే వరుసను మళ్లీ క్విల్ట్ ప్యాచ్‌గా మార్చి, తేడా ఫైలు తీసి, బగ్ ట్రాకర్‌కు మెయిల్ పంపాను. అయిదు వారాల తర్వాత మెయింటైనర్ నుంచి ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది: గిట్‌కు పుష్ చేయడం మరిచిపోయారట, ప్యాచ్‌కు కృతజ్ఞతలట. మంచి మనిషి. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కోడు మార్చడానికి పది నిమిషాలు పట్టిన పనికి నావి రెండు రాత్రులు పోయాయి, అంతే.

అదే నెలలో అదే జబ్బున్న మరో ప్యాకేజీని బాగుచేశాను. అది బృందం పేరు మీద ఉన్నది. క్లోన్ చేయగానే డెబియన్/లేటెస్ట్ అన్న బ్రాంచి ఎదురైంది. గిట్ నుంచి ప్యాకేజీ కట్టే జీబీపీ సాధనానికి అమరికలు చెప్పే కాన్ఫ్ ఫైలు ఉంది. ఆర్కైవ్ వెర్షన్‌కూ గిట్ వెర్షన్‌కూ తేడా లేదు. జీబీపీ పీక్యూతో ప్యాచ్‌ల వరుసను కమిట్లుగా మార్చుకుని, ఒక కమిట్ చేర్చి, తిరిగి ప్యాచ్‌లుగా దించి పంపాను. మొత్తం అరగంట కూడా పట్టలేదు.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చాలాసేపు ఆలోచించిన తర్వాత తేలిందేమిటంటే, మేలైనది ఏదో తేల్చేది మెయింటైనర్ల సంఖ్య కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి ప్యాకేజీ తెరిచినప్పుడు, తాను చూస్తున్నదే అసలైన సోర్సు అని ఎంత త్వరగా నమ్మగలడన్నదే తేలుస్తుంది. డెబియన్‌లో అసలు ప్రతి ఉండేది ఆర్కైవ్‌లో. గిట్ అనేది మెయింటైనర్ తన సౌకర్యం కోసం పెట్టుకున్న నకలు. నకలు అసలుతో సరిపోలాలన్న నిర్బంధం చాలాకాలం పాటు లేదు. దానికి తోడు ఎవరి అలవాటు వారిది: కొందరు ప్యాచ్‌లు వర్తింపజేయని రూపంలో ఉంచుతారు, కొందరు వర్తింపజేసి ఉంచుతారు, కొన్ని బృందాలు డెబియన్ డైరెక్టరీ ఒక్కటే గిట్‌లో పెట్టి మిగిలిన సోర్సును బయట వదిలేస్తాయి. బ్రాంచీల పేర్లకు ఒక ఒరవడి ఉండాలని డెప్-14 అన్న ప్రతిపాదన 2014లోనే మొదలైంది, అయినా నేటికీ మాస్టర్ నుంచి డెబియన్/సిడ్ దాకా అన్ని రకాలూ కనబడుతూనే ఉంటాయి.

ఈ దృష్టితో చూస్తే బృందం ఎందుకు మేలో తెలుస్తుంది. బృందం ఇచ్చే అసలు లాభం నలుగురు మనుషులు అనుకుంటారు గాని, నా లెక్కలో అది ఒకే పద్ధతి. పెర్ల్ బృందాన్ని చూడండి. మూడు వేలకు పైగా ప్యాకేజీలను వాళ్లు ఒకే తీరుగా నడుపుతారు. ఒక్క పెర్ల్ మాడ్యూల్ ప్యాకేజీ ఎలా ఉంటుందో నేర్చుకుంటే మిగిలిన వేల ప్యాకేజీల్లో ఏది తెరిచినా సొంత వంటింట్లో పోపుడబ్బా వెతుక్కున్నంత తేలిగ్గా పని సాగుతుంది. పైథాన్ బృందానికీ రాసిపెట్టిన విధానం ఉంది, చేరేవారు దాన్ని చదివి ఒప్పుకుంటున్నామని చెప్పాలి. ఆ బృందం చాలాకాలం పాటించిన ఒక సూక్ష్మం ఇక్కడ ప్రస్తావించదగినది: బృందం పేరు మెయింటైనర్ స్థానంలో ఉంటే సభ్యులెవరైనా అడగకుండా అప్‌లోడ్ చేయవచ్చు, అప్‌లోడర్ల (సహబాధ్యుల) స్థానంలో ఉంటే ముందుగా మెయింటైనర్‌గా పేరున్న మనిషిని అడగాలి. రెండు పేర్లు స్థానాలు మార్చుకుంటే చాలు, గుమ్మం తెరిచే ఉందో తలుపు తట్టి రావాలో తెలిసిపోతుంది.

లోపం లేదా అంటే ఉంది, అది చిన్నదీ కాదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. బృందం పేరు మీదున్న బగ్ రిపోర్టు మెయిలింగ్ జాబితాకు పోతుంది, అక్కడ అందరూ చదువుతారు, ప్రతి ఒక్కరూ మరొకరు చూస్తారనుకుంటారు. అప్‌లోడర్ల స్థానంలో పేరున్న మనిషి ఎప్పుడో మానేసినా, బృందం పేరు చాటున ఆ ప్యాకేజీకి దిక్కు లేదన్న సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. సొంత పేరు మీద ఉన్నదైతే ఆ మౌనం కనీసం కంటికి కనబడుతుంది. బృందంలో చేర్చాం కాబట్టి ప్యాకేజీ క్షేమం అనుకునేవారికి నేను చెప్పేది ఇదే: చురుగ్గా ఉన్న బృందాన్ని చూసుకుని చేర్చండి, ఆర్నెల్లుగా జాబితాలో మనిషి గొంతు వినబడని బృందమైతే దాని పేరు రాసుకోవడం కన్నా మీ పేరు రాసుకోవడమే నిజాయితీ.

ఇక మెర్జ్ రిక్వెస్టుల సంగతి. 2018లో డెబియన్ పాత కోడు సైటు అలియోత్ మూతపడి దాని స్థానంలో గిట్‌ల్యాబ్ మీద నడిచే సాల్సా వచ్చినప్పటి నుంచి ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ప్రతి ప్యాకేజీకీ సాల్సా, సీఐ (మార్పులను యంత్రమే పరీక్షించే ఏర్పాటు), మెర్జ్ రిక్వెస్టులు అన్న పద్ధతిని ప్రోత్సహించాలని 2024లో డెప్-18 అన్న ప్రతిపాదన వచ్చి, డెవలపర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. కొత్తగా వచ్చే విద్యార్థులకు ఈ పద్ధతి ముందే అలవాటై ఉంటుంది, ఈమెయిల్‌తో నడిచే బగ్ ట్రాకర్ వారికి తాతల నాటి తంతి కార్యాలయంలా కనబడుతుంది. మార్పు పంపగానే సీఐ దానంతట అదే బిల్డ్ చేసి, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ నడిపి, ఆటోప్యాకేజ్ పరీక్షలు నడిపి, పైపార్ట్స్‌తో ఇన్‌స్టాల్ చేసి తీసేసి చూపిస్తుంది. సమీక్షించే మనిషికి తన గంటన్నరలో ముప్పావు గంట మిగిలే చోటు ఇదే. నా ప్యాకేజీల్లో సీఐ ఫైలు లేనిది ఇప్పుడు ఒక్కటీ లేదు, అది పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు, ఈ విషయంలో రెండో ఆలోచన అనవసరం.

మెర్జ్ రిక్వెస్టు విషయంలో మాత్రం ఉపన్యాసాల్లో వినబడనివి కొన్ని చేతికి అంటుకుంటాయి. మొదటిది చేంజ్‌లాగ్. ముగ్గురు మూడు మెర్జ్ రిక్వెస్టులు పంపి, ముగ్గురూ చేంజ్‌లాగ్ పైవరుసలో తమ మార్పు రాస్తే, మొదటిది కలిపిన మరుక్షణం మిగిలిన రెండూ ఘర్షణ పడతాయి. అందుకే చేంజ్‌లాగ్‌ను మెర్జ్ రిక్వెస్టులో ముట్టుకోవద్దని, అప్‌లోడ్ చేసేవారు చివర్లో జీబీపీ డీసీహెచ్‌తో కమిట్ సందేశాల నుంచి పుట్టిస్తారని ముందే చెప్పి పెట్టాలి. రెండోది ఇంకా చిక్కు. అప్‌స్ట్రీమ్ కొత్త వెర్షన్‌ను దిగుమతి చేస్తే అప్‌స్ట్రీమ్ బ్రాంచి, ప్రిస్టిన్-టార్ బ్రాంచి, డెబియన్ బ్రాంచి మూడూ మారతాయి. మెర్జ్ రిక్వెస్టు ఒక్క బ్రాంచికే పనిచేస్తుంది. అంటే ప్యాకేజీ పనిలో అతి తరచుగా జరిగేదే, కొత్త వెర్షన్ తేవడమే, ఈ సాధనంలో సూటిగా ఇమడదు. కొందరు మూడు రిక్వెస్టులు పెడతారు, కొందరు డెబియన్ బ్రాంచికి మాత్రం పెట్టి, తక్కిన రెండింటినీ సమీక్షకుడే తన దగ్గర తయారుచేసుకోవాలంటారు. నేను రెండోదాని వైపు.

మూడోది మనుషుల సంగతి. సాల్సా నుంచి వచ్చే సూచనలను తెరిచి చూసే అలవాటు లేని పాత మెయింటైనర్లు ఎందరో ఉన్నారు. వారికి మెర్జ్ రిక్వెస్టు పంపడమంటే తాళం వేసిన ఇంటి తలుపు సందులో ఉత్తరం దూర్చి రావడమే. బగ్ ట్రాకర్‌కు వెళ్లిన మెయిల్ మాత్రం తప్పక చేరుతుంది, ఖాతా తెరవకుండా ఎవరైనా పంపవచ్చు, ఇరవయ్యేళ్ల తర్వాత కూడా అదే సంఖ్యతో దొరుకుతుంది. అలియోత్ పోయినప్పుడు దాని గిట్ చిరునామాలు చెల్లకుండా పోయి, కంట్రోల్ ఫైళ్లలో ఏళ్ల తరబడి చచ్చిన లంకెలుగా వేలాడాయి, బగ్ సంఖ్యలకు మాత్రం ఏమీ కాలేదు. అందువల్ల ముక్కూ మొహం తెలియని మెయింటైనర్‌కైతే మెర్జ్ రిక్వెస్టు పెట్టి, దాని లంకెను ప్యాచ్ అన్న ట్యాగ్‌తో బగ్‌కు కూడా పంపమని నా సలహా. రెండుసార్ల పనే, కాని ఉత్తరం ఇంట్లోవాళ్ల చేతికి అందుతుంది.

సమీక్ష ఉంటే తప్పులు పట్టుబడతాయన్నది మెర్జ్ రిక్వెస్టుల పక్షాన తరచుగా చెప్పే వాదం. నేను దానికి అంత బరువు ఇవ్వను. డెబియన్ చరిత్రలో అందరూ ఉదహరించే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీ పొరపాటునే తీసుకోండి. 2006లో వాల్‌గ్రిండ్ అనే తనిఖీ సాధనం ఇచ్చే హెచ్చరికలను తొలగించడానికి చేసిన చిన్న మార్పు వల్ల, తాళపుచెవులు పుట్టించే యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయి, ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం తాళపుచెవికి 32,768 అవకాశాలు మాత్రమే. 2008 మే 13న ప్రకటించేదాకా అది బయటపడలేదు. ఒంటరి మెయింటైనర్ వల్లే ఇలా జరిగిందని చెబుతారు గాని, ఆ మార్పు చేసేముందు అప్‌స్ట్రీమ్ మెయిలింగ్ జాబితాలో అడగడం కూడా జరిగింది. అడిగినచోట గట్టిగా వద్దన్నవారు లేరు. మెర్జ్ బటన్ ఉండి ఉంటే ఆపేదని నేను అనుకోను. ఆ కోడు తెలిసిన మనిషి ఆ వరుసలను నిజంగా చదివి ఉంటేనే ఆగేది. ‘బాగానే ఉంది’ అని రాసి ఆమోదం తెలిపే సమీక్షలు సాల్సాలో కావలసినన్ని చూస్తున్నాం.

దీనికి భిన్నంగా, 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాం వ్యవహారం నేను పైన చెప్పిన అసలు ప్రతి ప్రశ్నకు నేరుగా వస్తుంది. హానికరమైన కోడును పరీక్ష ఫైళ్ల రూపంలో గిట్‌లోనే దాచారు, కాని దాన్ని మేల్కొలిపే ఎం4 స్క్రిప్టు మాత్రం విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (మూటకట్టిన సోర్సులోనే) ఉంది, గిట్‌లో లేదు. గిట్ చూసేవారికి ఒకటి, టార్‌బాల్ దించుకునేవారికి మరొకటి. అలసిపోయిన ఒంటరి అప్‌స్ట్రీమ్ మెయింటైనర్ మీద ఒత్తిడి తెచ్చి పని అందుకోవడంతో మొదలైన కథ అది, కాబట్టి ఒంటరితనం కూడా కారణమే. అయినా మోసం దాగిన సందు మాత్రం రెండు ప్రతుల మధ్య తేడాయే. ఒక మంచి మెయింటైనర్ పుష్ చేయడం మరిచిపోతే నాకు రెండు రాత్రులు పోయాయి, అదే సందును దుర్బుద్ధి ఉన్నవాడు వాడుకుంటే ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఫెడోరా అనే మరో లినక్స్ వైపు చూస్తే ఈ సమస్యను వాళ్లు మొదటే కట్టేశారు. అక్కడ ప్రతి ప్యాకేజీ స్పెక్ ఫైలూ (ప్యాకేజీ కట్టే సూచనలుండే ఫైలు) ఒకే చోట, ఒకే రూపంలో ఉన్న గిట్‌లో ఉంటుంది. వారి బిల్డ్ వ్యవస్థ కోజీ ఆ గిట్‌లోని కమిట్ నుంచే బిల్డ్ చేస్తుంది. పుష్ చేయకుండా బిల్డ్ లేదు. ప్రూవెన్‌ప్యాకేజర్ హోదా ఉన్నవారు ఎవరి ప్యాకేజీనైనా దిద్దవచ్చు, మిగిలినవారు పుల్ రిక్వెస్టు (మెర్జ్ రిక్వెస్టుకు మరో పేరు) పంపవచ్చు, ఎక్కడ పంపాలన్న అనుమానమే రాదు. ప్యాకేజీకి ప్రధాన మెయింటైనర్ ఒకరే ఉన్నా అక్కడ నా సీఎస్‌టీడీఇంట్ కథ జరగదు. సొంత పేరా బృందమా అన్న ప్రశ్న ఎంత రెండో వరుసదో దీన్ని చూస్తేనే తెలుస్తుంది. నిక్స్ వారి ప్యాకేజీల సేకరణ నిక్స్‌ప్యాకేజెస్ ఇంకో చివరికి వెళ్లింది, లక్షకు పైగా ప్యాకేజీలు ఒకే గిట్ రిపాజిటరీలో ఉంటాయి, వేల పుల్ రిక్వెస్టులు ఎప్పుడూ వరుసలో ఉంటాయి. చూడముచ్చటైన ఏర్పాటే గాని డెబియన్ అలా మారబోదు. ఆర్చ్ లినక్స్‌లో వాడుకరులే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్ సొంత పేరు పద్ధతే, వదిలేస్తే ఎవరైనా అందుకోవచ్చు. పోలికకు ఇంతకన్నా అక్కరలేదు.

డెబియన్‌లో ఆ సందును పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. డీగిట్ 2013 నుంచీ ఉంది: మెయింటైనర్ అలవాటు ఏదైనా సరే, ఆర్కైవ్‌లో ఉన్నది ఉన్నట్టుగా గిట్ రూపంలో చేతికిస్తుంది. ఆనాడు నేను మొదటే డీగిట్ క్లోన్ కొట్టి ఉంటే ఒక రాత్రి మిగిలేది, నా తెలివితక్కువ కూడా అందులో ఉందని ఒప్పుకోవాలి. ట్యాగ్‌టుఅప్‌లోడ్ విషయంలో 2024లో చాలా వేడి చర్చ జరిగి, 2025లో వాడుకలోకి వచ్చింది. సంతకం చేసిన ట్యాగ్‌ను సాల్సాకు పుష్ చేస్తే చాలు, సోర్సు ప్యాకేజీ తయారుచేసి ఆర్కైవ్‌కు పంపే పని సర్వరుదే. పుష్ చేయడం మరిచిపోయి అప్‌లోడ్ చేయడం దీనితో అసాధ్యం, ఎందుకంటే పుష్ చేయడమే అప్‌లోడ్.

మనవాళ్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పోతన2000, వేమన2000 ఫాంట్లు ఉన్న ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వంటి తెలుగు ప్యాకేజీలు డెబియన్‌లో ఫాంట్స్ టాస్క్ ఫోర్స్ అన్న బృందం పేరు మీద ఉన్నాయి. ఒత్తు పక్కకు జరిగిందనో, గుణింతం విరిగిందనో చూడగానే పట్టుకోగలిగినవారు హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ఉంటారు, వారిలో డెబియన్ డెవలపర్లు అరుదు. బృందంలో ఉన్న డెవలపర్లు తెలుగు చదవలేకపోవచ్చు. చూడగలిగిన కన్ను ఒకచోట, అప్‌లోడ్ హక్కు మరొకచోట ఉన్నప్పుడు, ఎడమవైపు పాత రూపం, కుడివైపు కొత్త రూపం తెరపట్టులుగా అతికించి చూపించగల మెర్జ్ రిక్వెస్టు, పదాల్లో వర్ణించే బగ్ రిపోర్టు కన్నా ఎన్నో రెట్లు మేలు. భాషలకు సంబంధించిన ప్యాకేజీల వరకు నా ఓటు సందేహం లేకుండా దానికే.

నా నాలుగు ప్యాకేజీల సంగతికి వస్తే, రెండు పైథాన్ లైబ్రరీలను పైథాన్ బృందానికి ఇచ్చేశాను. మెయింటైనర్ స్థానంలో బృందం, అప్‌లోడర్ల స్థానంలో నేను. మూడోది ఒక తెలుగు పదాల జాబితా, దాన్ని ఏ బృందమూ నాకన్నా ఎక్కువ పట్టించుకోదు, కాబట్టి దాని గిట్‌ను సాల్సాలోని డెబియన్ అన్న ఉమ్మడి గ్రూపులో ఉంచి, మెయింటైనర్‌గా నా పేరే ఉంచాను. ఆ గ్రూపులో డెబియన్ డెవలపర్లందరికీ రాసే హక్కు ఉంటుంది కనుక నేను ఊళ్లో లేకపోయినా పని ఆగదు. ఎన్ఎంయూకు అడగనక్కరలేదని చెప్పేవారి జాబితాలో నా పేరు కూడా చేర్చాను. నాలుగోది సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం, దానికి తగిన బృందం కనబడలేదు, సొంత పేరుతోనే ఉంచి బ్రాంచీల పేర్లు డెప్-14 ప్రకారం మార్చి, జీబీపీ కాన్ఫ్ రాసి, ట్యాగ్‌టుఅప్‌లోడ్‌కు మారాను. నాలుగింటికీ కలిపి పట్టిన సమయం మూడు ఆదివారాలు.

సంక్రాంతి సెలవులకు వారం రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి మూడోదానికి ఒక కమిట్ వచ్చి ఉంది. పంపినది పేరు కూడా ఎప్పుడూ వినని డెవలపర్. ప్యాకేజీ కట్టడంలో సాయపడే డెబ్‌హెల్పర్ పాత స్థాయిని కొత్తదానికి మార్చి, సీఐ పచ్చగా రావడానికి ఒక పరీక్షను సరిచేశారు. చేంజ్‌లాగ్ మాత్రం ముట్టుకోలేదు. నేను కమిట్ చదివి, జీబీపీ డీసీహెచ్ నడిపి, ట్యాగ్ మీద సంతకం పెట్టి పుష్ చేశాను. గడియారం చూస్తే ఇంకా పదిన్నర కూడా కాలేదు.